ట్యూబులో గర్భము: పురుషుని వంతు

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సమావేశములలో సాధారణముగా ఇంటి పన్నుల వసూలు, మంచినీటి పథకము, వీధి దీపములు, ఉపాధి హామీ పనులు ప్రస్తావనకు వచ్చుచుండును. నేడు మేము ఎన్నుకొన్న విషయము అట్టిది కాదు. ఇది వంటింటి తలుపు చాటున స్త్రీలు గుసగుసగా చెప్పుకొను సంగతి. మన రాష్ట్ర పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడి యున్నవి. అయినను ఈ సభలో కొన్ని కుర్చీలలో సభ్యురాండ్రకు బదులుగా వారి భర్తలు కూర్చుండి యుండుట మేము గమనింపకపోలేదు. అది సరియైన పద్ధతి కాదు. కాని నేటికి మాత్రము వారు వచ్చుటయే మేలైనది. మేము చెప్పబోవు మాటలు విశేషముగా వారికొరకే.

ముందుగా ఒక సంగతి తలచుకొందము. ఇది ఫలానా ఊరిలో ఫలానా ఇంట జరిగినదని మేము చెప్పబోము. కాని ఇందులోని ఏ అంశమును మీరు ఎరుగనిది కాదు. భర్త హైదరాబాదులో తాపీ పని చేయువాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చి, కనుమ దాటగానే తిరిగి వెళ్లినాడు. నెల రోజులు గడిచినవి. భార్యకు ఈ నెల బహిష్టు కాలేదు. తరువాత కొలది రోజులకు కొంచెముగా రక్తము కనబడినది. పొత్తికడుపులో ఒక ప్రక్క నొప్పి. ఆలస్యముగా వచ్చిన బహిష్టు అని అత్తగారు అనుకొన్నారు. వీధి చివరనున్న ఆర్.ఎం.పి. వైద్యుడు గ్యాసు అని చెప్పి నొప్పికి సూది వేసినాడు. ఆ రాత్రి పెరటిలోనికి పోయి ఆమె కళ్లు తిరిగి పడిపోయినది. భుజము పైన నొప్పి అని మూలిగినది. ముఖము పాలిపోయినది. భర్తకు ఫోను చేసిరి. అతడు నిద్రలో నుండి లేవలేదు. తెల్లవారి లేచి, తాను వచ్చువరకు ఏ ఆపరేషనుకు ఒప్పుకొనవలదని చెప్పినాడు.

ఈ యింటికి మరల వత్తుము. ఆమె దేహములో ఏమి జరుగుచున్నదో ముందు తెలిసికొందము.

స్త్రీ గర్భాశయమునకు రెండు ప్రక్కల రెండు సన్నని గొట్టములు కలవు. వీటిని అండవాహికలు అందురు. మన గ్రామములలో ట్యూబులు అనియే వాడుక. ఒక్కొక్కటి జానెడు పొడవు కూడ నుండదు. పురుషుని వీర్యకణము, స్త్రీ యొక్క అండము కలిసికొనునది గర్భాశయములో కాదు, ఈ గొట్టములోనే. కలిసిన పిదప ఏర్పడిన పిండము మూడు నాలుగు దినములు గొట్టము వెంట మెల్లగా ప్రయాణము చేసి గర్భాశయమును చేరును. పిండమునకు కాళ్లు లేవు. గొట్టపు లోపలి గోడలపై కంటికి కనబడని నూగు వంటి కేశములు నిరంతరము కదలుచు దానిని ముందుకు త్రోయుచుండును. వంశధార, నాగావళి కాలువల శివారు భూముల రైతులు ఈ సంగతిని సులభముగా గ్రహింపగలరు. కాలువలో పూడిక పడినను, గుర్రపుడెక్క అల్లుకొన్నను నీరు శివారుకు చేరదు, నడుమనే నిలిచిపోవును. అట్లే గొట్టములో మచ్చ కట్టినను, కేశములు రాలిపోయినను పిండము దారిలోనే ఆగి, అచ్చటనే వ్రేళ్లూనును. దీనిని వైద్యులు ఎక్టోపిక్ గర్భము అందురు. ఇట్టివానిలో నూటికి 90కి పైగా ట్యూబులోనే ఏర్పడును.

గర్భాశయము సాగును, ట్యూబు సాగదు. ఆరు వారములు, ఎనిమిది వారములు అగునప్పటికి అది చిట్లును. రక్తము బయటకు కనబడదు, కడుపులోనే నిండును. ఆ రక్తము పై భాగమున ఊపిరితిత్తుల క్రిందనున్న పొరకు తగులుటచేత భుజమున నొప్పి పుట్టును. కడుపులో చిట్లిన దానికి భుజము నొప్పి ఏమని ఇంటివారు ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యపడుటకు వ్యవధి లేదు. కొన్ని గంటలలో ప్రాణము పోవచ్చును.

నూరు గర్భములలో ఒకటి రెండు ఇట్లు జరుగునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మీ పంచాయతీలో ఏటికి 60 మంది గర్భవతులు అనుకొన్నచో, ఏటికో రెండేండ్లకో ఒక ఇల్లు ఈ ప్రమాదమును ఎదుర్కొనును. అయిదేండ్ల మీ పదవీకాలములో మూడు నాలుగు ఇండ్లు. ఇది దూరపు సంగతి కాదు. పూర్వము ఇది దాదాపు మరణమే. 1883లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో లాసన్ టైట్ అను శస్త్రవైద్యుడు కడుపు తెరచి, చిట్లిన ట్యూబును తొలగించి ఒక స్త్రీని బ్రతికించినాడు. నాటి నుండి దారి ఏర్పడినది. నేడు మూత్ర పరీక్ష, రక్త పరీక్ష, స్కానింగుల వలన చిట్లక మునుపే కనుగొనవచ్చును. తొందరగా కనుగొన్నవారిలో కొందరికి మెథోట్రెక్సేట్ అను మందుతోనే నయము చేయుదురు, కోత అక్కరలేదు.

ఇక మనకు కావలసిన ప్రశ్న. ఇది స్త్రీ దేహములో జరుగునది కదా, ఇందులో పురుషుని వంతు ఏమైన కలదా?

మన ఇండ్లలో దీనికి జవాబు ముందే సిద్ధముగా నున్నది. “దాని కడుపే సరిగా లేదు” అందురు. ఒకమారు ట్యూబు తీసివేసిన కోడలిని గొడ్రాలనుట, కొడుకునకు మారు మనువు ప్రస్తావన తెచ్చుట మనము విననివి కావు. ఆపరేషను బల్లపై నుండి లేచి వచ్చిన స్త్రీకి ఇది రెండవ గాయము. శాస్త్రము ఏమి చెప్పుచున్నదో చూతము.

మొదట పురుషుని పక్షమున చెప్పదగిన మాట చెప్పుదము. వీర్యకణములలోని లోపము వలన పిండము తప్పు చోట అంటుకొనునేమో అని శాస్త్రజ్ఞులు శంకించిరి. ట్యూబులో నిలిచిన పిండములను తీసి, వాటి క్రోమోజోములను పరీక్షించి చూచిరి. గర్భాశయములో పెరిగిన పిండములలో కంటె ఎక్కువ లోపములు వాటిలో కనబడలేదు. సంతానము లేక పరీక్షనాళిక పద్ధతిని ఆశ్రయించువారిలో గూడ, లోపము భర్త వీర్యమునందున్న దంపతులకు ఈ ప్రమాదము తక్కువగాను, భార్య ట్యూబులు చెడియున్న వారికి ఎక్కువగాను కనబడినది. చెప్పుకొనవలసిన విశేషము ఒకటి కలదు: 1978లో లోకమున తొలి పరీక్షనాళిక శిశువు పుట్టుటకు రెండేండ్లు ముందుగా, 1976లో, అదే వైద్యులు ఆ పద్ధతిలో సాధించిన తొలి గర్భము ట్యూబులోనే నిలిచి వ్యర్థమైనది. పిండమును చేతితో తీసికొనిపోయి గర్భాశయములో ఉంచినను అది ట్యూబులోనికి పోవచ్చునన్నమాట. కావున బీజమును నిందించుటకు నేటి వరకు ఆధారము లేదు. దెబ్బతిన్నది దారి.

అయితే ఆ దారిని చెడగొట్టినది ఏమి? ఇచ్చట పురుషుని వంతు మొదలగును.

ఫ్రాన్సులోని ఓవెర్ఞ్ ప్రాంతమున ఇట్టి గర్భము ఏర్పడిన 803 మంది స్త్రీలను, సుఖముగా ప్రసవించిన 1,683 మందితో పోల్చి 2003లో ఒక పరిశీలన ప్రకటించిరి. అందులో సుమారు మూడవ వంతు పూర్వపు అంటువ్యాధుల వలనను, మరియొక మూడవ వంతు పొగత్రాగుట వలనను కలిగినవిగా లెక్క తేలినది. ఈ రెండును మన జిల్లాలకు పరాయివి కావు.

అంటువ్యాధులలో ముఖ్యమైనవి క్లమీడియా, గనేరియా. రెండవ దానిని మన పెద్దలు సెగవ్యాధి అనిరి. క్లమీడియాకు తెలుగులో పేరు కూడ లేదు. పేరు లేకపోవుటకు కారణము అది కనబడకపోవుటయే. ఈ వ్యాధి సోకిన పురుషులలో ఇంచుమించు సగము మందికి ఏ బాధయు ఉండదు. మిగిలినవారికి మూత్రము పోయునప్పుడు మంట, కొంచెము జిగురు. నాలుగు దినములలో అది తగ్గినట్లు తోచును. కొబ్బరి నీళ్లు త్రాగి, వేడి చేసినదని మరచిపోవుదురు. అతడు మరచినను సూక్ష్మజీవి మరువదు. భార్యకు సోకును. ఆమెకు నూటికి 70, 80 పాళ్లు ఏమియు తెలియదు. తెలిసినను తెల్లబట్ట అగుచున్నదనియో, నడుము లాగుచున్నదనియో అనుకొనును. అట్లు నెలలు గడుచుచుండగా వ్యాధి పైకి ప్రాకి ట్యూబుల గోడలపైనున్న నూగును కాల్చివేయును; అతుకులు వేయును. ఏండ్ల తరువాత ఆమె గర్భవతి అయినప్పుడు ఆ లెక్క తీరును.

ఇది వినగానే మీలో కొందరికి వలస పోయిన వారి తలంపు రావచ్చును. ఇచ్ఛాపురము నుండి భోగాపురము వరకు మన సముద్రతీరపు మత్స్యకారులు గుజరాతు రేవులకు పోవుచున్నారు. మెట్ట గ్రామముల వారు హైదరాబాదు, విజయవాడ, చెన్నై నగరములలో కట్టడముల పనికి పోవుచున్నారు. వలస పోయినవాడెల్ల వ్యాధి తెచ్చునని మేము అనుట లేదు. అట్లనువాడు వారి శ్రమను ఎరుగనివాడు. ఇంటనే యుండువారికి ఈ వ్యాధి రాదనుటయు నిజము కాదు. వలస పోయినవానికి కష్టము ఏమనగా, అచ్చట మంట పుట్టినప్పుడు చూపించుకొనుటకు తీరిక లేదు, కూలి పోవును, సిగ్గు. ఇంటికి వచ్చిన పది దినములలో పెండ్లిండ్లు, పండుగలు. మందులషాపులో మాట చెప్పి రెండు మాత్రలు మ్రింగి పోవును.

చికిత్స కష్టమైనది కాదు. కొద్ది దినముల మందు. జిల్లా ఆసుపత్రులలో సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్కు అను పేరున ప్రత్యేక విభాగములు నడచుచున్నవి, పేరు బయటపెట్టరు. కాని ఇందు ఒక నియమము కలదు, దానిని అందరును తప్పుచున్నారు. మందు భార్యాభర్తలిద్దరును ఒకేమారు వాడవలెను, నయమగువరకు కలియరాదు. ఆచరణలో ఏమి జరుగుచున్నది? తెల్లబట్టకు ఆరోగ్య కేంద్రమున భార్య మందు తెచ్చుకొనును. డాక్టరుగారు భర్తను కూడ తీసికొనిరమ్మందురు. ఆమె ఇంటికి వచ్చి ఆ మాట చెప్పుటకు వెరచును. చెప్పినను “నాకేమి రోగము?” అని అతడు గద్దించును. నెల తిరుగకమునుపే ఆమెకు మరల సోకును. ఇట్లు మూడు నాలుగుమారులు సోకిన ట్యూబు ఒకమారు సోకినదానికంటె మిక్కిలి చెడును. భర్త వేసికొననొల్లని ఆ మందు ఖరీదును భార్య చెల్లించుచున్నదన్నమాట.

క్షయ గురించి ఒక్క మాట. మన దేశమున ట్యూబులు చెడుటకు క్షయ కూడ ఒక కారణము. ఇంట దగ్గుచున్నది ఆడదైనను, మగవాడైనను, మందు ఆరు నెలలు పూర్తిగా వాడకపోయినచో దాని ఫలము ఎవరి దేహములో ఎచ్చట తేలునో చెప్పజాలము.

రెండవది పొగ. ఇందులో మన ప్రాంతమునకు లోకప్రసిద్ధి కలదు, అది సంతోషింపదగిన ప్రసిద్ధి కాదు. చుట్ట నిప్పు కొనను నోటిలోపల ఉంచుకొని పీల్చు అడ్డపొగ అలవాటు మన తీరమునందు విశేషముగా స్త్రీలలో కలదు. గాలికి ఆరిపోదు, చేతులు రెండును పనికి వీలగును అని ఆ అలవాటును చెప్పుదురు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి శాస్త్రజ్ఞులు 1971లో నివేదిక ప్రకటించిరి. వారు వెదకినది అంగిటి పుండ్లను. పొగ అంగిలితో ఆగదని తరువాతి కాలమున తేలినది. పొగాకులోని నికోటిను దేహములో మారి ఏర్పడు పదార్థము ట్యూబు గోడలలోని ఒక ప్రోటీనును పెంచి, పిండము అచ్చట అంటుకొనుటకు అనుకూలము చేయుచున్నదని ఎడింబరో శాస్త్రజ్ఞులు 2010లో చూపిరి. ట్యూబులోని నూగు కదలిక కూడ పొగ వలన మందగించును.

మరి ఇందు పురుషుని వంతు ఏమి? రెండు విధములు. చుట్టల కట్ట సంత నుండి తెచ్చువాడు సాధారణముగా అతడే. ఒకే కట్ట ఇద్దరిదియు అగును. ఇక భార్య త్రాగని ఇంట అతడు త్రాగిన పొగ ఎవరు పీల్చుచున్నారు? అమెరికాలో 80,000 మందికి పైగా పెద్దవయసు స్త్రీలను వారి పూర్వవృత్తాంతము అడిగి 2014లో ఒక పరిశీలన ప్రకటించిరి. తాము ఎన్నడును పొగ త్రాగక, ఇతరుల పొగను బాల్యము నుండి మిక్కిలిగా పీల్చిన స్త్రీలలో ట్యూబు గర్భము, అట్లు పీల్చనివారికంటె 61 శాతము ఎక్కువగా కనబడినది. జ్ఞాపకము మీద చెప్పిన వృత్తాంతములు గనుక ఇది తుది తీర్పు కాదు. ఒక చుట్ట వలన ఒక ప్రమాదము అని లెక్క కట్టుటయు తగదు. కాని వర్షాకాలమున తలుపులు మూసిన ఒంటిగది ఇంట, పడుకొన్న గర్భవతి ప్రక్కన చుట్ట వెలిగించువాడు తన వంతు లేదని చెప్పుకొనజాలడు.

మూడవ వంతు ఆపరేషనుకు సంబంధించినది. ఇది కొందరికి కొత్తగా తోచును. ట్యూబెక్టమీ చేయించుకొన్న స్త్రీకి గర్భము రాదు. నూటికి 99 పాళ్లు ఇది నిజము. అరుదుగా విఫలమైనప్పుడు ఆ వచ్చిన గర్భము ట్యూబులో నిలుచు అవకాశము చాల ఎక్కువ. అమెరికాలో ఈ ఆపరేషను అయిన 10,685 మంది స్త్రీలను ఏండ్ల తరబడి గమనింపగా 143 మందికి గర్భము వచ్చినది. అందులో మూడవ వంతు ట్యూబు గర్భములు. కొన్ని ఆపరేషను జరిగిన పదేండ్లకు కూడ వచ్చినవి. “ఆపరేషను అయినది కదా, కడుపెట్లు వచ్చును” అని ఆ స్త్రీని ఎవ్వరును శంకింపరు. ఆలస్యము అచ్చటనే జరుగును. మేము ట్యూబెక్టమీ చేయించుకొనవలదని చెప్పుట లేదు. ఏ నియంత్రణయు లేనివారికంటె వారికి ఈ ప్రమాదము మొత్తము మీద తక్కువయే. కాని ఈ భారమును ఎవరు మోయుచున్నారో చూడుడు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున పెండ్లి అయిన స్త్రీలలో నూటికి ఇంచుమించు 70 మంది ఈ ఆపరేషను చేయించుకొన్నవారే. పురుషులవి నూటికి ఒకటి కూడ లేవు.

పూర్వము ఇట్లు లేదు. వేసెక్టమీ మన దేశమున ఒకప్పుడు ముందంజలో నుండినది. 1976-77లో అత్యవసర పరిస్థితి కాలమున ఒక్క ఏటిలో 62 లక్షల వేసెక్టమీలు జరిగినవి. వాటిలో బలవంతముగా జరిగినవి ఎన్నో. ఆ బలవంతము తరువాత పురుషుడు భయపడి వెనుకకు తగ్గినాడు, నేటికిని తిరిగి రాలేదు. ఆ భయము అర్థము చేసికొనదగినదే. అయితే అర్ధ శతాబ్దము గడచినది. నేటి వేసెక్టమీకి కోత లేదు, కుట్టు లేదు. కొలది నిమిషముల పని, అదే దినము ఇంటికి నడచి పోవచ్చును. బరువులు మోయలేరనుట, నాగలి పట్టలేరనుట, మగతనము పోవుననుట అన్నియు అపోహలు. మూడు నెలల పిదప వీర్య పరీక్ష చేయించుకొని నిర్ధారించుకొనుట మాత్రము మరువరాదు. భార్య ట్యూబులను ముట్టుకొనవలసిన పనియే లేదు.

ఇక నాలుగవ వంతు. ఇది వ్యాధి కాదు, ఆలస్యము. మొదట చెప్పిన ఇంటికి మరల వత్తుము.

తెల్లవారినది. భర్త వచ్చువరకు ఆగవలెనా? రైలులో వచ్చినను అతడు చేరునప్పటికి మరియొక రాత్రి యగును. చిట్లిన ట్యూబు అంతసేపు ఆగదు. ఇచ్చట మీరు స్పష్టముగా తెలిసికొనవలసిన సంగతి ఒకటి కలదు. వయస్సు వచ్చిన స్త్రీ తన చికిత్సకు తానే సమ్మతి నీయవచ్చును. భర్త సంతకము లేనిదే ప్రాణము నిలుపు ఆపరేషను చేయరాదని చట్టము ఎచ్చటను లేదు. ఆమె స్పృహలో లేనప్పుడు ప్రాణాపాయమున వైద్యుడు తానుగా చికిత్స చేయవచ్చును. అయినను ఆసుపత్రులలో మగదిక్కు కొరకు చూచుట, ఇంటివారు భర్త మాట కొరకు కనిపెట్టుకొని యుండుట నేటికిని మానలేదు. ఫోనులో భర్త పలుకవలసిన మాట ఒక్కటే: వెంటనే తీసికొనిపొండు. ఈ మాటను వలస పోవునప్పుడే చెప్పి పోయినచో మరియు మేలు.

గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు, సీతంపేట మండలముల కొండ గూడెముల సంగతి వేరు. అచ్చట పురుషులే గర్భిణిని డోలీలో మోసికొని రోడ్డు వరకు దింపుచున్నారు. ఆ భుజములకు నమస్కరింపవలెను. కాని డోలీ కట్టుట పురిటి నొప్పులకే అని అచ్చటను భావన కలదు. కడుపు ఇంకను కనబడని రెండవ నెలలో, ఒక ప్రక్క నొప్పితో కళ్లు తిరిగిన స్త్రీకి కూడ డోలీ కట్టవలెనని వారికి ఎవరు చెప్పినారు?

ఆసుపత్రి చేరిన పిదప రక్తము కావలెను. ఒక్కొక్కమారు మూడు నాలుగు సీసాలు. శ్రీకాకుళమున రిమ్స్ అని ప్రజలు పిలుచు ఆసుపత్రిలోను, విజయనగరమున నేటికిని ఘోషా ఆసుపత్రి అనియే పేరు నిలిచిన స్త్రీల ఆసుపత్రిలోను, విశాఖపట్నమున 1923 నాటి నుండి సేవ చేయుచున్న కింగ్ జార్జి ఆసుపత్రిలోను రక్తపు కొరత ఏర్పడినప్పుడు వెంట వచ్చినవారినే అడుగుదురు. వెంట వచ్చిన మగవారు అప్పుడు ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. రక్తమిచ్చినచో నీరసము వచ్చునని వారి భయము. ఊరిలో ఏ గ్రూపు రక్తము ఎవరిదో ముందుగా వ్రాసి పెట్టుకొన్న పంచాయతీకి ఈ తికమక యుండదు. గ్రూపు సంగతి వచ్చినది గనుక ఇంకొకటి: భార్యది నెగెటివు, భర్తది పాజిటివు రక్తమైనచో, ట్యూబు గర్భము తరువాత కూడ ఆమెకు యాంటీ-డి సూది అవసరమా అని వైద్యుని అడుగవలెను. లేనిచో తరువాతి బిడ్డకు ప్రమాదము కలుగవచ్చును. భర్త రక్తపు గ్రూపు తెలియకుండ ఈ లెక్క తేలదు.

ఒక ట్యూబు తీసివేసినను రెండవది ఉన్నది. ఇట్టి స్త్రీలలో సగము మందికి పైగా రెండేండ్లలోపల సరియైన గర్భము ధరించుచున్నారు. మరల ట్యూబులో నిలుచు ప్రమాదము నూటికి పది పాళ్లు. ఆ పది కొరకు వైద్యము కలదు. మారు మనువు వైద్యము కాదు. ఆమెకు మరల నెల తప్పినదనగా ఆరవ వారముననే స్కానింగు చేయింపవలెను, తొమ్మిదవ నెలకు కాదు.

పంచాయతీకి ఇందు ఏమి పని అని అడుగుదురేమో. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము మీదే. ఆశా కార్యకర్త వద్ద నిశ్చయ్ అను గర్భ పరీక్ష పట్టీలు ఉండును. బహిష్టు తప్పి నొప్పి గాని, రక్తపు మరక గాని కనబడిన స్త్రీకి, ఆపరేషను అయినదైనను సరే, ఆ పట్టీతో పరీక్ష చేయవలెనని ఆమెకు చెప్పుడు. గీతలు రెండు కనబడి నొప్పి యున్నచో ఆ దినముననే స్కానింగుకు పంపవలెను. మన రాష్ట్రమున 2005 నుండి నడచుచున్న 108 వాహనము పురిటికే కాదు, దీనికిని వచ్చును. పిలిచినప్పుడు “గర్భవతి కావచ్చును, కళ్లు తిరిగి పడినది” అని రెండు మాటలు చెప్పుడు. కడుపు నొప్పి అని మాత్రమే చెప్పిన పిలుపునకును, దీనికిని తేడా యుండును. మీ ఊరి ఆర్.ఎం.పి. వైద్యుని పిలిచి, పిల్లలు కనగల వయస్సు స్త్రీకి పొత్తికడుపు నొప్పి అనగా సూది వేయక ముందుగా బహిష్టు సంగతి అడుగుమని చెప్పుట సర్పంచికి తగిన పనియే. అతడు మా మాటకంటె మీ మాట వినును.

సంక్రాంతికి వలసదారులు తిరిగి వచ్చు వారము మీ చేతిలో నున్నది. కోడిపందెములకు, పేకాటకు చోటు దొరకు ఆ వారమున ఆరోగ్య కేంద్రపు సిబ్బందిని పిలిచి, ఒక సాయంకాలము పురుషులకు మాత్రమే పరీక్షల శిబిరము పెట్టింపవచ్చును: రక్తపు గ్రూపు, క్షయ, సుఖవ్యాధులు. సుఖవ్యాధి శిబిరము అని బోర్డు పెట్టినచో ఒక్కడును రాడు. రక్తపు గ్రూపు శిబిరము అని పెట్టుడు. వచ్చినవారితో డాక్టరుగారు లోపల మాటలాడుదురు. వలస పోవువాడు బస్సు ఎక్కకమునుపు తన రక్తపు గ్రూపు, భార్య గ్రూపు, అత్యవసరమునకు ఆమె వెంట పోగల ఇద్దరి ఫోను నంబర్లు పంచాయతీ కార్యదర్శి వద్ద వ్రాయించి పోవలెను. ఆ పుస్తకము ఆఫీసు బీరువాలో తాళము వేసి యుంచరాదు. రాత్రి రెండు గంటలకు అక్కరపడునప్పుడు తాళము చెవి ఎవరి వద్ద నున్నదో వెదకుటకు వీలుండదు. ఆశా కార్యకర్త ఇంట ఒక ప్రతి, అంగన్‌వాడీలో ఒక ప్రతి ఉండవలెను.